తలకిందులుగా నిలబెట్టిన ట్యాంకు: అమ్మకానికి పెట్టిన నా బయోడీజిల్ ప్రాసెసర్ గురించి

నార్త్ కరోలినాలోని కేరీలో మా గరాజ్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన బయోడీజిల్ ప్రాసెసర్‌ను, అంటే వాడిన వంటనూనెను డీజిల్ బండ్ల ఇంధనంగా మార్చే ట్యాంకును, ఇప్పుడు అమ్మకానికి పెట్టాను. 80 గ్యాలన్ల ఎలక్ట్రిక్ వాటర్ హీటర్ ట్యాంకుకు బయట ఒక పంపు బిగించి తయారుచేసే ఈ నమూనాను, ఇంట్లో ఇంధనం చేసుకునేవారు ఆపిల్‌సీడ్ అంటారు. నేనూ దీన్ని ఒకరు వాడిన తరువాతే కొన్నాను. టైట్రేషన్ (నూనెలో ఆమ్లం ఎంతుందో చూసే పరీక్ష), నూనెను ఇంధనంగా మార్చడానికి కలిపే మిథనాల్ అనే ఆల్కహాల్ పాళ్లు తెలిసినవారే ఇటువంటివి కొంటారు కనుక ఆ వివరాలు వదిలేసి, ఈ ట్యాంకు అడుగు గురించి మాత్రం వివరంగా చెబుతాను.

వాటర్ హీటర్ ట్యాంకు అడుగు లోపలికి ఉబ్బి ఉంటుంది. నీళ్ల వరకు దానితో ఇబ్బంది లేదు. బయోడీజిల్ చేసేటప్పుడు మాత్రం ఇంధనంతో పాటు తయారయ్యే బరువైన గ్లిజరిన్ కిందికి దిగి ఆ ఉబ్బు చుట్టూ ఉన్న పల్లంలో చేరుతుంది. ఖాళీచేసే వాల్వేమో పక్కగోడకు, ఆ పల్లం కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది. గ్లిజరిన్ అంతా దిగిపోయినట్టు అనిపించి, గొట్టంలో లేత రంగు ఇంధనం కనిపించిన తరువాత కూడా పల్లంలో కొంత నల్లటి ద్రవం మిగిలే ఉంటుంది.

దీని ఫలితం ఒక చలికాలపు బ్యాచ్‌లో తెలిసింది. ఆ బ్యాచ్‌లో 40 గ్యాలన్ల రెస్టారెంట్ నూనె, 8 గ్యాలన్ల మిథనాల్ వాడాను. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల ఇంధనం కలిపి చూసే పరీక్షలో అడుగున ఒక్క చుక్క కూడా మిగలలేదు కనుక నూనె పూర్తిగా మారినట్టే. ఆ ఇంధనాన్ని, నీళ్లతో సబ్బు వగైరా కడిగే వేరే ట్యాంకులోకి పంపుతుండగా, చివరి గ్యాలన్ల దగ్గర మట్టం తగ్గేసరికి పల్లంలోని గ్లిజరిన్, సబ్బు కదిలి ప్రవాహంలో కలిశాయి. నీళ్లు పోయగానే ట్యాంకు మొత్తం చిలికిన మజ్జిగలా తెల్లబడి, మరునాటికి కూడా విడిపోలేదు. వేడినీళ్లు, ఉప్పు పోసి రోజుల తరబడి ఓపిక పట్టాక చాలా భాగం దక్కింది కానీ, మిగిలినది సబ్బుగానే పోయింది. నూనె సేకరించి, వడకట్టి, నీరు ఆరబెట్టి, అంత శ్రమపడి చేసిన ఇంధనాన్ని ట్యాంకు ఆకారం పాడుచేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

ఆ తరువాత డిప్ ట్యూబును (చన్నీళ్లను అడుగుకు చేర్చే గొట్టం), ఆనోడ్ కడ్డీని (ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీ) తీసేసి, ఇనుప యాంగిళ్లతో స్టాండు కట్టి ట్యాంకును తలకిందులుగా నిలబెట్టాము. వెలుపలికి ఉబ్బిన పై భాగం ఇప్పుడు అడుగైంది. ఈ ట్యాంకుకు ఆనోడ్ రంధ్రం మధ్యలోనే ఉండటంతో అదే ఖాళీచేసే మార్గమైంది. మొదటిసారి గ్లిజరిన్ దింపినప్పుడు, పారదర్శకమైన గొట్టంలో ముదురు గోధుమరంగు ఒక్కసారిగా తేనెరంగులోకి మారి, ఆ తరువాత మళ్లీ నల్లబడకపోవడం చూసి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కడిగే నీళ్లలో సబ్బు కూడా బాగా తగ్గింది.

ఈ మార్పు గురించి తెలిసినవారందరికీ గొప్పగా చెప్పాను. అందులో కొంత సవరించుకోవాలి. రంధ్రం అంచు లోపలికి కొద్దిగా పొడుచుకుని ఉండటంతో దాని చుట్టూ పలుచని పొర ఎప్పుడూ మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది, పాత పై ఎలిమెంటే ఇప్పుడు కింద వేడిచేసే ఎలిమెంటు. అది అడుగు నుంచి సుమారు పావు ఎత్తులో ఉంది. నూనె దాన్ని పూర్తిగా ముంచకపోతే ఎలిమెంటు కాలిపోవడమే కాక మంటలు లేచే ప్రమాదమూ ఉంది కనుక, ఈ ప్రాసెసర్‌లో 30 గ్యాలన్ల కంటే తక్కువ నూనెతో బ్యాచ్ పెట్టడం నాకు సమ్మతం కాదు. నెలకు పది గ్యాలన్ల నూనె దొరికేవారికి ఇది పనికిరాదు. మిథనాల్ కలపడానికి ముందు హీటరుకు కరెంటు తీసేయాలన్న నియమం ఎలాగూ ఉండనే ఉంది.

పంపు చవకదే, సీలు ఒకసారి మార్చాను, మళ్లీ మార్చవలసి వస్తుంది. ప్లాస్టిక్ గొట్టాలు బిరుసెక్కితే తీసేసి, చాలా చోట్ల ఉక్కు పైపులు వేశాను. ఇంకా రెండు ఇత్తడి వాల్వులు ఉన్నాయి. ఇత్తడి బయోడీజిల్‌ను త్వరగా పాడుచేస్తుంది కనుక కొన్నవారు వాటి స్థానంలో ఉక్కువి వేసుకోవడం మంచిది.

పనిచేయక అమ్ముతున్నది కాదు. 2002 నాటి మా డీజిల్ కారు జెట్టా టీడీఐ ఈ ఇంధనంతో హాయిగా నడిచింది. ఇప్పుడున్న డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంది; దాన్ని శుభ్రపరచడానికి సిలిండర్లలోకి అదనంగా చిమ్మే ఇంధనంలో బయోడీజిల్ శాతం ఎక్కువైతే, అది తేలిగ్గా ఆవిరి కాక ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది. పాత డీజిల్ బండి, గాలి ఆడే షెడ్డు, నూనె క్రమంగా ఇచ్చే రెస్టారెంటు ఉన్నవారికైతే దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ధర తక్కువగా ఉందని మాత్రం తీసుకోవద్దని నా మనవి. కొనదలచినవారు వస్తే నీళ్లు పోసి పంపు నడిపి, ఏ జాయింటు చెమ్మగిల్లుతుందో చూపించి, ఆ తరువాతే డబ్బు తీసుకుంటాను.