బ్లాక్ ఫైవ్ ఇంజన్, హైలాండ్ లైన్ లింకులో: ఐదుకు నాలుగు నక్షత్రాలు

బ్లాక్ ఫైవ్ బ్రిటన్ ఆవిరి రైలింజన్; 1934 నుంచి 1951 దాకా ఇవి 842 తయారయ్యాయి. స్కాట్లాండ్ కొండల్లోని పెర్త్–ఇన్వర్నెస్ 118 మైళ్ల లింకులో (డ్యూటీల వరుసలో) దీన్ని నిలబెట్టింది బలం కాదు. ట్రాక్టివ్ ఎఫర్ట్, అంటే లాగే బలం, 25,455 పౌండ్లే. ఆరడుగుల చక్రాలు, బయట రెండే సిలిండర్లు, చదరపు అంగుళానికి 225 పౌండ్ల ఆవిరి ప్రెజర్. పగలు గూడ్సుకు పంపినా, రాత్రి స్లీపర్ బండికి పంపినా పనైపోయేది. బండి బరువెక్కితే ఇంకో బ్లాక్ ఫైవ్‌ను ముందు తగిలించేవారు, లేదా బ్లెయిర్ అథోల్‌లో వెనక బ్యాంకర్ (తోసే ఇంజన్) పెట్టేవారు.

ఫైర్‌మన్‌కు అసలు పని బ్లెయిర్ అథోల్ దాటాకే. అక్కణ్ణుంచి 1,484 అడుగుల ఎత్తున్న డ్రమాక్టర్ కనుమ దాకా దాదాపు 18 మైళ్ల ఎక్కుడు, అందులో చాలాచోట్ల 70 అడుగులకు ఒక అడుగు ఎత్తు. గ్రేట్ (బొగ్గు మండే ఇనుప జల్లెడ) ముందుకు వాలి ఉంటుంది కాబట్టి బొగ్గు తలుపు కింద, వెనక మూలల్లో మందంగా వేయాలి. ఊపుకు అదే ముందుకు జారుతుంది. ముందువైపు మందం చేస్తే గాలి ఆడక పొగ నల్లబడి ప్రెజర్ పడిపోతుంది. ముందువైపు మంటలో బొక్క పడితే ఇంకా చెడ్డ, చల్లగాలి దూరి బాయిలర్ ట్యూబులు కారతాయి. పార నిండా కుమ్మరించేవాళ్లకు ఈ ఇంజన్ లొంగదు. కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి.

కనుమ చేరకముందే బాయిలర్‌లో నీళ్లు నింపుకోవాలి. అవతల దిగుడు మొదలవగానే బాయిలర్‌లో నీరు ముందుకు పోయి ఫైర్‌బాక్స్ (మంట పెట్టె) నెత్తి తేలుతుంది; దానికున్న లెడ్ (సీసం) ప్లగ్ కరిగితే బండి అక్కడే ఆగిపోతుంది. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూసేముందు, పొగను పైకి లాగే బ్లోయర్ తెరవాలి, లేకపోతే మంట తలుపులోంచి క్యాబ్‌లోకి తంతుంది. వాడేసిన ఆవిరితో బాయిలర్‌కు నీళ్లు పంపే ఎగ్జాస్ట్ ఇంజెక్టర్ అప్పుడే లైవ్ స్టీముకు, అంటే బాయిలర్ ఆవిరికి మారుతుంది. మారేటప్పుడు ఒక్కోసారి పట్టు వదిలి నీళ్లన్నీ ఓవర్‌ఫ్లోలో పారబోస్తుంది. ఒక చెవి అటే ఉంచాలి.

డోము (పైన ఉబ్బు) లేని తొలి బాయిలర్లలో, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ఎలిమెంట్లు 14 మాత్రమే, స్టీము వేడి చాలేది కాదు. తర్వాత 24, ఆపైన 28 పెట్టాక తేడా బాగా తెలిసింది. మైళ్లు పెరిగేకొద్దీ చక్రాల ఇరుసులను పట్టే యాక్సిల్‌బాక్సులు అరిగి కొట్టుకుంటాయి, క్యాబ్‌లో ఒళ్లు హూనమే. అయినా స్టీము మాత్రం తగ్గదు. సింగిల్ లైన్ టాబ్లెట్‌ను (ఆ లైన్లోకి వెళ్లేందుకు అనుమతి బిళ్లను) నడుస్తూనే అందుకునే పరికరానికి క్యాబ్ పక్కన చోటు చేశారు, అది మెచ్చుకోవాలి.

నక్షత్రం కోసింది బూడిదకే. కదిలే గ్రేటు, కిందకి తెరుచుకునే హాపర్ యాష్‌పాన్ (బూడిద తొట్టి) చివరి ఇంజన్లకే వచ్చాయి. పాతవాటిలో క్లింకర్‌ను (గడ్డకట్టిన బూడిదను) ఇనుప కడ్డీతో పగలగొట్టి, పొడుగు పారతో తలుపులోంచే ఎత్తి పారబోయాలి. ఆ తర్వాత గుంటలోకి దిగి యాష్‌పాన్ గీకాలి.