బాలింత కుక్కకు ఫెరోమోన్ డిఫ్యూజర్: ఎంతవరకు పనికొస్తుంది?

ఈనిన కుక్క దిగులుగా ఓ మూల పడుకుని, పిల్లలు అరుస్తున్నా తల తిప్పి చూడకపోతే, ఆ ఇంటివారు మొదట వెతికేది త్వరగా పనిచేసే ఉపాయం కోసమే. అలాంటి సమయంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో చాలామంది చేతికి వచ్చే వస్తువు గోడ ప్లగ్గుకు తగిలించే ఫెరోమోన్ డిఫ్యూజర్. ఒక జంతువు శరీరం నుంచి వెలువడి అదే జాతి జంతువులకు సంకేతంగా పనిచేసే రసాయనమే ఫెరోమోన్, దాన్ని గదిలోకి వ్యాపింపజేసే పరికరం డిఫ్యూజర్. మా గౌరికి తొలిచూలులోనే సిజేరియన్ అయింది. మత్తు వదిలాక అది పిల్లలను దగ్గరకు రానివ్వకపోవడంతో నేను ఈ డిఫ్యూజర్‌ను కొని, ఒక సీసా పూర్తిగా అయిపోయేవరకు వాడాను. గదిలో ప్రశాంతత పెంచే సహాయక సాధనంగా దీనికి మంచి మార్కులే వేస్తాను. తల్లి పిల్లలను తిరస్కరించడానికి మందు ఇదేనన్నట్టు డబ్బా మీద రాసిన మాటలకు మాత్రం ఒక్క మార్కు కూడా వేయలేను.

లోపల ఏముందో ముందు చూద్దాం. పాలిచ్చే తల్లి కుక్కకు రెండు వరుసల చన్నుల మధ్య చర్మంలో ఉండే తైలగ్రంథులు, ఈనిన 3 నుంచి 5 రోజులకు కొవ్వు ఆమ్లాలకు సంబంధించిన ఒక మిశ్రమాన్ని స్రవించడం మొదలుపెడతాయి. పిల్లలు పాలు మానిన తర్వాత కూడా కొద్ది రోజుల పాటు ఆ స్రావం కొనసాగుతుంది. దాన్ని పసిగట్టిన పిల్లలు కుదుటపడతాయి. ఫ్రెంచి పశువైద్యుడు పాత్రిక్ పజా 1990లలో దీన్ని గుర్తించాక, అదే మిశ్రమాన్ని కృత్రిమంగా తయారుచేసి, నూనెలాంటి ద్రవంలో కలిపి సీసాల్లో నింపుతున్నారు. ప్లగ్గు వేడికి ఆ ద్రవం మెల్లగా ఆవిరై గదిలో వ్యాపిస్తుంది. సాధారణంగా 48 మిల్లీలీటర్ల సీసా దాదాపు 30 రోజులు వస్తుంది, 50 నుంచి 70 చదరపు మీటర్ల స్థలానికి సరిపోతుంది. మనుషుల ముక్కుకు ఏ వాసనా తగలదు కాబట్టి పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే సీసాలో మట్టం తగ్గుతోందా అని చూడటమొక్కటే దారి.

ఈ వివరాల్లోనే ఒక మెలిక ఉంది. సహజంగా ఈ సంకేతం తల్లి నుంచి పిల్లలకు వెళ్లేది. ఇక్కడ మనం దాన్ని తల్లికే పసిగట్టిస్తున్నాం. పైగా ఆరోగ్యంగా ఉన్న తల్లికి కూడా మొదటి రెండు మూడు రోజుల్లో ఈ స్రావం మొదలుకాదు. అంటే పిల్లల ప్రాణం నిలిచేదీ పోయేదీ తేలే ఆ తొలి గంటల్లో తల్లిని పిల్లలకు కట్టిపడేసేది ఇది కాదన్నమాట. ప్రసవానికి ముందు గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టిరాన్ పడిపోవడం, పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరగడం, పిల్ల జననమార్గం గుండా వచ్చేటప్పుడూ చన్ను చీకేటప్పుడూ పాలు దించే హార్మోన్ ఆక్సిటోసిన్ విడుదల కావడం, ఉమ్మనీటితో తడిసిన పిల్లను తల్లి నాకి శుభ్రం చేయడం, ఈ వరుస అంతా కలిసి ఆ బంధాన్ని ఏర్పరుస్తాయి. సిజేరియన్‌లో ఈ వరుస సగంలో తెగిపోతుంది. తల్లి మత్తులో ఉండగానే పిల్లలను తుడిచి ఆరబెడతారు. మెలకువ వచ్చేసరికి కడుపు మీద కుట్లు, ఒళ్లంతా నొప్పి, పక్కన ఆసుపత్రి వాసన నిండిన, కూతలు పెట్టే కొత్త ప్రాణులు. వాటిని చూసి అది బెదరడంలో వింత లేదు.

గౌరి విషయంలో జరిగింది అదే. పిల్లను చన్ను దగ్గర పెట్టగానే శరీరం బిగబట్టి, చెవులు వెనక్కి వాల్చి, కళ్లలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసేది. పిల్ల కాలు కుట్లకు తగిలితే గొంతులోనే గుర్రుమని, లేచి వెళ్లి గడప దగ్గర కూలబడేది. ఇది దిగులా, భయమా, నొప్పా అని తేల్చకుండా ప్లగ్గు తగిలించి కూర్చుంటే లాభం లేదని ఇంటికి వచ్చిన పశువైద్యురాలు స్పష్టంగా చెప్పారు. మనుషుల్లో ప్రసవానంతర కుంగుబాటులాగా కుక్కల్లో నిర్ధారిత జబ్బు అంటూ ఏదీ లేదని, హార్మోన్ల మార్పుతో మొదటి రోజు రెండు రోజులు కాస్త మందకొడిగా, అన్నం మీద ధ్యాస లేకుండా ఉండటం మామూలేనని, అది దాటి కొనసాగితే శరీరంలో ఏదో జబ్బు ఉందనే అనుమానించాలని వివరించారు. ఈ డిఫ్యూజర్‌తో వచ్చే కరపత్రంలో ఇన్ని భాషల్లో ఇంత సన్నని అక్షరాలు అచ్చువేసినవారు ఆ ఒక్క ముక్క వేయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎందుకంటే తల్లి పిల్లలను వదిలేయడం కొన్ని ప్రమాదకర జబ్బులకు తొలి లక్షణం. పొదుగువాపు వస్తే చన్ను ఎర్రబడి, వేడెక్కి, గట్టిపడుతుంది. పిల్ల నోరు తగలగానే తల్లి లేచిపోతుంది. గర్భకోశంలో చీము పట్టినా, మాయ లోపల మిగిలిపోయినా జ్వరంతో పాటు దుర్వాసన గల స్రావం కనిపిస్తుంది. ఈనిన తొలి గంటల్లో ముదురాకుపచ్చగా, ఆపైన ఎర్రటి గోధుమ రంగులో కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా స్రావం కావడం సహజమే. దుర్వాసన వస్తే మాత్రం సహజం కాదు. మొదటి రోజుల్లో ఒంటి వేడి కొంచెం పెరిగినా 39.5 డిగ్రీల సెల్సియస్ దాటి, కుక్క నీరసంగా ఉంటే ఆలస్యం చేయకూడదు. వీటన్నిటికంటే వేగంగా ప్రాణం తీసేది పాలజ్వరం. చిన్న జాతి కుక్కలు ఎక్కువ పిల్లలను ఈనినప్పుడు, ఎక్కువగా ఈనిన 1 నుంచి 4 వారాల మధ్య, రక్తంలో కాల్షియం పడిపోయి తల్లి నిలకడ లేకుండా తిరుగుతుంది, రొప్పుతుంది, పిల్లలను పట్టించుకోదు, కాళ్లు బిగుసుకుని నడుస్తుంది, తర్వాత వణుకు, మూర్ఛ మొదలవుతాయి. గుండె స్పందన గమనిస్తూ వైద్యులు కాల్షియంను నెమ్మదిగా నరంలోకి ఎక్కించాల్సిన అత్యవసర స్థితి అది. ఆ కుక్క ఆందోళనగా ఉందని భావించి ఫెరోమోన్ సీసా తగిలించి మర్నాటిదాకా ఎదురుచూస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. చూలుతో ఉన్నప్పుడే కాల్షియం మందులు పోస్తే ఈ ముప్పు తప్పుతుందని కొందరు నమ్ముతారు. నిజానికి అలా చేస్తే ఎముకల నుంచి కాల్షియంను తీసుకునే శరీర వ్యవస్థ మందగించి ముప్పు ఇంకా పెరుగుతుంది.

గౌరికి ఇవేవీ లేవని తేలాక, పాలిచ్చే కుక్కకు ఇవ్వదగిన నొప్పి మందు రాసి ఇచ్చారు. మనుషులు వాడే నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, కుక్కలకు విషంతో సమానమని కూడా హెచ్చరించారు. డిఫ్యూజర్‌కు తన పని చేసే అవకాశం దొరికింది నిజానికి అప్పటి నుంచే. ప్లగ్గు పెట్టిన గదిలో గౌరి పచార్లు తగ్గించి, పక్కకు ఒరిగి నిద్రపోవడం మొదలుపెట్టింది. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం తగ్గింది. ఇందులో నొప్పి మందు వాటా ఎంత, గదిలోకి ఎవరినీ రానివ్వకుండా వెలుతురు తగ్గించి ఉంచడం వాటా ఎంత, ఈ సీసా వాటా ఎంత అని విడదీసి చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. పిల్లలను దగ్గరకు తీసుకోవడం మాత్రం సీసా వల్ల జరగలేదని గట్టిగా చెప్పగలను. దానికి ఓపికతో చేసే వేరే పని ఉంది. తల్లిని మెత్తగా పట్టీతో పట్టుకుని, తల దగ్గర ఒకరు కూర్చుని మెల్లగా మాట్లాడుతూ, దాని పాలనే పిల్ల వీపు మీద, వెనుక భాగంలో రాసి, ఆకలిగా ఉన్న బలమైన పిల్లను మొదట కుట్లకు దూరంగా ఉన్న చన్నుకు అందించాలి. పిల్ల చీకడం సాగేకొద్దీ ఆక్సిటోసిన్ విడుదలై తల్లి కుదుటపడుతుంది. గౌరి వంగి పిల్ల తోక కింద మొదటిసారి నాకింది కూడా అలాంటి ఒక పూటే. అప్పటిదాకా పాలు తాగడం అయిపోగానే పిల్లలను వేరే వెచ్చని పెట్టెలోకి మార్చేవాళ్లం. ఒక్క క్షణం కూడా గుర్రుమనే తల్లి దగ్గర పిల్లలను ఒంటరిగా వదలకూడదు. భయపడిన తల్లి పిల్లను కొరికి చంపిన సందర్భాలు ఉంటాయి.

తల్లి కుదుటపడే వరకు పిల్లలు ఆగవు అన్నది కూడా ఈ వస్తువును అంచనా వేసేటప్పుడు గుర్తుంచుకోవాలి. ముర్రుపాలలోని రక్షక పదార్థాలను పిల్ల పేగులు గ్రహించేది మొదటి 24 గంటల్లోనే, అందులోనూ తొలి గంటల్లో ఎక్కువ. మొదటి వారం వాటికి సొంతంగా ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు కాబట్టి పడుకునే చోట 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. చల్లబడిన పిల్లను తల్లి ముక్కుతో పక్కకు నెట్టేస్తుంది. మనం తిరస్కారం అనుకునే సందర్భాల్లో కొన్ని కేవలం చలి వల్ల వచ్చినవే. అలా చల్లబడ్డ పిల్లకు పాలు పట్టకూడదు. ముందు నెమ్మదిగా వెచ్చబరచాలి. పోతపాలు పట్టాల్సి వస్తే బోర్లా ఉంచి 2, 3 గంటలకొకసారి కుక్కపిల్లల పాలపొడి కలిపి ఇవ్వాలి, ఆవుపాలు చాలవు. తల్లి నాకడం లేదంటే తడి దూదితో తుడిచి మూత్రం, మలం పోయించాల్సింది కూడా మనమే. రోజూ ఒకే వేళకు తూకం వేస్తే పరిస్థితి తెలిసిపోతుంది. నా వరకు ఆ గదిలో అత్యంత విలువైన పరికరం డిఫ్యూజర్ కాదు, వంటింటి నుంచి తెచ్చి పెట్టిన డిజిటల్ తక్కెడ.

ఇక వస్తువు తయారీ సంగతి. ప్లగ్గు గట్టిగా కూర్చుంటుంది, చప్పుడు లేదు, వెలుతురు లేదు. బాలింత గదికి ఇవి మంచి గుణాలు. సీసా నిలువుగా ఉండేలా మాత్రమే తగిలించాలి, మంచం కిందనో తెర వెనకనో పెడితే ఆవిరి అక్కడే ఆగిపోతుంది. పైభాగం బాగా వేడెక్కుతుంది కాబట్టి తడి చేతులతో తాకకూడదు, పైన ఏదీ కప్పకూడదు. అసలు ఇబ్బంది ఎత్తుతోనే వచ్చింది: పురిటి పెట్టెకు దగ్గరగా ఉండాలంటే కింద ఉన్న సాకెట్ వాడాలి, కింద ఉంటే కుక్క నోటికి అందుతుంది. లోపలి ద్రవం మింగితే హానికరం. సాకెట్ ముందు గాలి ఆడే జాలీ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది, అదేదో వారే డబ్బాలో పెట్టి ఇస్తే బాగుండేది. ధర తక్కువేమీ కాదు, ఖాళీ అయిన సీసాలో మళ్లీ నింపుకునే వీలు లేదు.

కొనాలనుకునేవారు ప్రసవానికి కొన్ని రోజుల ముందే పురిటి గదిలో దీన్ని తగిలిస్తే ఎక్కువ ప్రయోజనం. కుక్క ఆ గదికి, ఆ పెట్టెకు అలవాటుపడటం కూడా అప్పుడే జరుగుతుంది. బెదురు స్వభావం ఉన్న తొలిచూలు కుక్కకు, ముందే సిజేరియన్ నిర్ణయమైన కుక్కకు నేను సిఫారసు చేస్తాను. జ్వరం, వణుకు, దుర్వాసన, గట్టిపడిన చన్ను, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ డబ్బు పశువైద్యుల దగ్గరికి వెళ్లడానికి ఖర్చు పెట్టండి. ఇక రెండో సీసా సంగతికొస్తే, తల్లికంటే పిల్లల కోసమే నేను దాన్ని కొన్నాను. కొత్త ఇంటికి చేరిన కుక్కపిల్లలు రాత్రిపూట ఏడవడం, కొత్త చోట్ల బెదరడం విషయంలో ఈ ఫెరోమోన్‌పై జరిగిన పరిశీలనల్లో కొన్ని అనుకూల ఫలితాలే ఇచ్చాయి, సహజంగా ఆ సంకేతం ఉద్దేశించింది కూడా వాటికే. పాలు మాన్పించే వేళకు ప్లగ్గును పురిటి పెట్టె దగ్గర నుంచి తీసి, పిల్లలు విడిగా పడుకునే మూలకు, వాటి పళ్లకు అందనంత ఎత్తులో మార్చాను.