చుక్కి గిన్నె కింద కిచెన్ స్కేలు: ఏడు నెలలు వాడాక

ఇది ఒక మామూలు డిజిటల్ కిచెన్ స్కేలు గురించి. పిండి, పంచదార తూచుకోవడానికి వంటింట్లో పెట్టుకునే పలచటి తూకం మెషిన్. 5 కిలోల వరకు తూస్తుంది, ఒక్కో గ్రాము తేడాతో చూపిస్తుంది. నేను మాత్రం దీన్ని కొన్నది మా కుక్క తిండి తూచడానికే. ఏడు నెలలుగా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వాడుతున్నాను. తిండి దగ్గర పేచీ పెట్టే కుక్క ఇంట్లో ఉన్నవాళ్లు ముందు కొనాల్సింది ఖరీదైన ఫుడ్డు కాదు, ఇదీ అని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఎందుకో వివరంగా చెబుతాను.

మా కుక్క పేరు చుక్కి. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఆ పేరు పెట్టాం. నాలుగేళ్ల ఆడకుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. గిన్నెలో డ్రై ఫుడ్ వేస్తే వచ్చి వాసన చూస్తుంది. ఒక్క గుళిక నోట కరుచుకుని చాప దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ వాసన చూసి, తింటే తింటుంది, లేదంటే లేదు. తర్వాత వచ్చి నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపుకు నా మనసు ఆగేది కాదు. ఉడికించిన చికెన్ చిదిమి పైన కలిపేదాన్ని. అది చికెన్ వరకు ఏరుకుని తిని గుళికలు వదిలేసేది. "పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదే, పాపం" అంటూ అమ్మ ఒక బిస్కెట్ పెట్టేది. ఆఫీసు నుంచి రాగానే మా ఆయన ఒకటి, స్కూలు నుంచి రాగానే మా అబ్బాయి రెండు. రెండేళ్లలో నాలుగు రకాల ఫుడ్డు మార్చాం. ప్రతి కొత్త సంచీ నాలుగు రోజులు నచ్చేది, ఐదో రోజు నుంచి మళ్లీ మొదలు.

వ్యాక్సిన్ వేయించడానికి వెళ్లినప్పుడు "ఇది ఏమీ తినడం లేదండీ" అని డాక్టర్ గారికి చెప్పాను. ఆవిడ ముందు బరువు చూశారు. 13.1 కిలోలు. ఏడాది కిందట 12. పళ్లు, చిగుళ్లు, పొట్ట అన్నీ చూసి, రక్త పరీక్ష కూడా చేయించి, జబ్బేమీ లేదని తేలాక అన్నారు: "ఏమీ తినని కుక్క కిలో పైన పెరగదమ్మా. ఎంత పెడుతున్నారో, ఎంత మిగులుతోందో వారం రోజులు తూచి రాసుకుని రండి." అప్పుడే నా చెయ్యి పట్టుకుని ఒకటి చూపించారు. చెయ్యి చాచి, వెనకవైపు వేళ్ల కింద తడిమి చూస్తే ఎముకలు పలచగా తగులుతాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తగలాలట. పిడికిలి బిగించినప్పుడు కణుపులు పొడుచుకొచ్చినట్టు ఉంటే బక్కచిక్కినట్టు. అరచేతిలో కండలాగా మెత్తగా ఉండి ఎముక దొరక్కపోతే బరువు ఎక్కువైనట్టు. చుక్కి పక్కటెముకలు నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే స్కేలు ఆర్డర్ పెట్టాను.

వచ్చిన రోజు చేసిన మొదటి పని ఇది. ఫుడ్డు సంచీలో ఎప్పుడూ ఉండే ప్లాస్టిక్ కప్పు తీసి, మా ఆయన్నీ, మా అబ్బాయినీ "చుక్కికి ఒక కప్పు వెయ్యండి" అన్నాను. నేనూ వేశాను. నాది 104 గ్రాములు. మా అబ్బాయిది 88. మా ఆయనది 131, ఎందుకంటే ఆయన దృష్టిలో కప్పంటే గోపురంలా నిండాలి. అదే కప్పు, అదే ఫుడ్డు. రోజుకు రెండు పూటలు, ఎవరి చేతికి దొరికితే వాళ్లు వేస్తుంటే లెక్క ఏం నిలుస్తుంది? తర్వాత చదివితే తెలిసింది, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధనలో 100 మంది పెంపుడు కుక్కల యజమానులతో ఇదే చేయించి చూశారు. కప్పులతో కొలిచినప్పుడు కొందరు ఉండాల్సినదాంట్లో సగానికి తగ్గించి వేశారు, కొందరు రెండున్నర రెట్లు వేశారు. పైగా గుళిక సైజు మారితే అదే కప్పులో పట్టే బరువూ మారిపోతుంది.

అసలు కళ్లు తెరిపించింది మాత్రం మిగిలింది తూచడం. స్కేలు గొప్ప ఉపయోగం నాకు అక్కడే కనిపించింది. పెట్టింది తూస్తే సగం సంగతే తెలుస్తుంది. పూట అయ్యాక గిన్నె మళ్లీ స్కేలు మీద పెట్టి ఎంత వదిలేసిందో రాసుకుంటేనే మిగతా సగం. వారం లెక్క సగటున ఇలా వచ్చింది: రోజుకు పెట్టింది 235 గ్రాములు, వదిలేసింది 95, తిన్నది 140. సంచీ మీద కిలోకు 3600 కేలరీలు అని ఉంది, అంటే గ్రాముకు 3.6. కాబట్టి గుళికల నుంచి 504. చికెన్ 50 గ్రాములు, దాదాపు 80. బిస్కెట్లు ఆరు, ప్యాకెట్ ప్రకారం ఒక్కోటి 30, మొత్తం 180. అన్నీ కలిపితే 764. పాపం ఏమీ తినలేదని మేం బెంగపడిన కుక్క అది.

దానికి ఎంత కావాలి అన్నది డాక్టర్ గారు ఫోన్‌లోని మామూలు కాలిక్యులేటర్ మీద చేసి చూపించారు. ఉండాల్సిన బరువు 12 కిలోలు. 12ను 12తో, వచ్చినదాన్ని మళ్లీ 12తో గుణిస్తే 1728. దానికి వర్గమూలం, ఆ వచ్చినదానికి మళ్లీ వర్గమూలం, 6.45. దాన్ని 70తో గుణిస్తే 451. కదలకుండా పడుకున్నా ఒంటికి రోజూ కావాల్సిన కేలరీలు అవి. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు సాధారణంగా దానికి 1.6 రెట్లు తీసుకుంటారట. చుక్కికి బరువు పెరిగే తత్వం ఉంది కాబట్టి 1.4 చాలన్నారు. అంటే 631. అందులో పదో వంతుకు మించి ట్రీట్స్ ఉండకూడదు, అంటే రోజుకు రెండు బిస్కెట్లు. మిగిలిన 570ని 3.6తో భాగిస్తే 158. రోజుకు 160 గ్రాములు, పూటకు 80. మేం 235 పోసి, తినలేదని ఏడుస్తున్నాం. ఈ రెట్లు కూడా మొదలుపెట్టడానికి ఒక అంచనాయే, రెండు మూడు వారాలకోసారి బరువు చూసి సర్దుకోవాలి అని మరీ మరీ చెప్పారు. ఎదిగే కుక్కపిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి, షుగర్ ఉన్నవాటికి ఈ లెక్క పనికిరాదు, వాటికి డాక్టర్ చెప్పిందే చెయ్యాలి.

80 గ్రాములు మొదటిసారి గిన్నెలో వేసి చూసినప్పుడు నాకు గుండె చివుక్కుమంది. గిన్నె అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. "ఇంతేనా అమ్మలూ? పిల్లకు పెట్టినట్టుంది" అంది అమ్మ. నేను చిన్న గిన్నె తెచ్చాను. నాకోసమే, దానికోసం కాదు. పెట్టి ఇరవై నిమిషాలు ఉంచడం, తర్వాత మాట్లాడకుండా తీసేయడం, మళ్లీ పూట దాకా ఏమీ లేదు. మొదటి రెండు రోజులు 40, 45 మిగిల్చింది. ఆ రెండు రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. మూడో రోజు రాత్రి 18. ఐదో రోజు పొద్దున నేను స్నానానికి వెళ్తుంటే వరండాలోంచి గిన్నె నేల మీద జరుగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ఖాళీ గిన్నెను నాకుతూ గోడ దాకా నెట్టుకుపోయింది. స్కేలు మీద పెట్టాను. సున్నా. ఆ రోజు నోట్‌బుక్‌లో ఆ సున్నా చుట్టూ మా అబ్బాయి గీసిన గుండ్రం ఇంకా ఉంది. దానిది పేచీ కాదు, కడుపు నిండుగా ఉండటం. (బాగా చిన్న కుక్కపిల్లలను మాత్రం ఇలా ఆకలితో ఉంచకండి, వాటి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది.)

ఇక వస్తువు సంగతి. మంచివి ముందు. టేర్ బటన్ బాగా పనిచేస్తుంది. గిన్నె పెట్టి నొక్కితే సున్నా అవుతుంది, ఆపైన వేసిందే చూపిస్తుంది. ఇంకో పద్ధతి నాకు బాగా అలవాటైంది. ఫుడ్డు డబ్బానే స్కేలు మీద పెట్టి సున్నా చేసి, చేత్తో తీసి గిన్నెలో వేస్తూ పోతే మైనస్ 80 దగ్గర ఆపేయొచ్చు. గిన్నె తడిగా ఉన్నా పర్లేదు. పైన గాజు పలక కాబట్టి తుడవడం తేలిక.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే దానంతట అదే ఆగిపోతుంది. గిన్నె పెట్టి సున్నా చేసి, సంచీ విప్పేలోగా ఫోన్ మోగిందా, మళ్లీ మొదటి నుంచి. చుక్కి పాత గిన్నె వెడల్పుగా ఉండి అంకెలను కప్పేసేది, వంగి చూడాల్సి వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది: ఒక్కో గుళిక చొప్పున నెమ్మదిగా వేస్తే అంకె కదలదు. ఇలాంటి చవక స్కేళ్లు చిన్న చిన్న మార్పులను సున్నా కిందే సర్దేసుకుంటాయి. గుప్పెడు ఒకేసారి వేస్తే సరిగ్గా చూపిస్తుంది. రెండు మూడు గ్రాముల బిస్కెట్ ముక్కల్లాంటివి దీని మీద నమ్మొద్దు. బ్యాటరీ అయిపోయే ముందు అంకె ఊగుతుంది. లీటరు నీళ్లు పోసి 1000కి దగ్గరగా చూపిస్తోందా అని నెలకోసారి చూసుకుంటాను. చాప మీద, తివాచీ మీద పెడితే తప్పు చూపిస్తుంది, గట్టి బల్ల ఉండాలి.

వాసన బాగా రావాలని గుళికల మీద గోరువెచ్చటి నీళ్లు చిలకరిస్తాను. అది నిజంగానే పనిచేస్తుంది. కానీ తూకం వేశాకే నీళ్లు పొయ్యాలి. మిగిలినవి నీళ్లు పీల్చి ఉంటే ఆ నీళ్ల బరువూ కలిసి, వదిలింది ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి వారం నేను ఆ తప్పే చేసి, 20 వదిలితే 40 అని రాసుకున్నాను.

నాలుగో నెలలో జరిగింది చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. అప్పటికి చుక్కి రోజూ సున్నా, ఎప్పుడైనా 5 మిగిల్చేది. ఒక రాత్రి 62 వదిలేసింది. మర్నాడు పొద్దున 58. హుషారుగానే ఉంది, నీళ్లు తాగుతోంది. పాత రోజుల్లో అయితే "దీని వేషాలు" అనుకుని చికెన్ కలిపి ఊరుకునేదాన్ని. నోట్‌బుక్‌లో మూడు నెలల సున్నాల కింద ఆ రెండు అంకెలు చూసి ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లాను. పై దవడలో, పక్కన ఉండే పెద్ద నమిలే పన్ను పగిలి ఉంది. గట్టి ఎముక నమిలితే ఇలా అవుతుందట. పన్ను తీసేశారు, పది రోజులు మెత్తటి తిండి పెట్టమన్నారు. ఆ డబ్బా తిండిలో మూడొంతులు నీళ్లే కాబట్టి గ్రాములు మళ్లీ కొత్తగా లెక్క కట్టుకున్నాం. ఫుడ్డు మార్చిన ప్రతిసారీ సంచీ మీద కేలరీలు చూసి మళ్లీ లెక్క కట్టాల్సిందే, పాత 80 కొత్తదానికి సరిపోదు.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి: ఒక్క గ్రాము తేడా చూపించాలి, 5 గ్రాములవి వద్దు. అంకెల తెర ముందుకు ఉండాలి లేదా మీ గిన్నె అడుగు చిన్నదై ఉండాలి. ఆగిపోయే సమయం ఎక్కువ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. కుక్క బరువు దీని మీద చూడటం కుదరదు. మనుషులు ఎక్కే స్కేలు మీద దాన్ని ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి ఎక్కి తేడా తీసుకుంటున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒక్క మార్కు తీసేసింది రెండు నిమిషాలకే ఆగిపోతున్నందుకు.

చుక్కి ఈ ఆదివారం బరువు 12.2. బిస్కెట్లు రెండూ ఇప్పుడు అమ్మే పెడుతోంది, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి, పెట్టగానే నోట్‌బుక్‌లో గీత గీస్తుంది.