సున్నపురాయి సరస్సులోనా, పొగగొట్టం దగ్గరా?

ఆమ్ల వర్షాలతో చేపలు కరువైన స్వీడన్ సరస్సులను కాపాడేందుకు రెండు దారులున్నాయి. రెండింటికీ ముడిసరుకు సున్నపురాయే.

మొదటిది, 1970ల చివరి నుంచి ప్రభుత్వ ఖర్చుతో సాగుతున్నది: హెలికాప్టర్ల నుంచి, పడవల నుంచి ఆ తెల్లని పొడిని నేరుగా నీటిలో చల్లడం. పీహెచ్ విలువ (ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5 కంటే కిందికి పడిపోయిన నీటిలో చాలా చేపల గుడ్లు పొదగవు. మట్టిలోంచి కరిగివచ్చిన అల్యూమినియం మొప్పలకు పట్టి చేపలకు ఊపిరాడదు. అలాంటి సరస్సుకు ఈ పొడి త్వరగానే ప్రాణం పోస్తుంది. అయితే ఆమ్ల వర్షం ఆగనంతకాలం మళ్లీ మళ్లీ చల్లవలసిందే, పైగా అడవి నేల నుంచి కొట్టుకుపోయిన కాల్షియం, మెగ్నీషియం దీనివల్ల తిరిగి రావు.

రెండవది, బొగ్గు విద్యుత్ కేంద్రంలో పొగ బయటికి వెళ్లకముందే దానిపై సున్నపురాయి కలిపిన నీటిని చిమ్మడం. ఆమ్ల వర్షానికి ముఖ్య కారణమైన సల్ఫర్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా అక్కడే చిక్కి, గోడపలకలకు పనికివచ్చే జిప్సంగా మారుతుంది. ఖర్చు భారీగానే ఉంటుంది. ఆమ్ల వర్షానికి మరో కారణమైన నత్రజని ఆక్సైడ్లకు వేరే ఏర్పాటు కావాలి.

అయినా నేను రెండవదానినే ఎంచుకుంటాను. స్వీడన్‌పై కురిసిన ఆమ్లంలో చాలా భాగం బ్రిటన్, మధ్య యూరప్‌ల పొగ నుంచే వచ్చిందని స్వీడన్ మృత్తికా శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ 1960ల చివరలో ఎత్తిచూపారు. ఎవరి పొగకో ఎవరి సరస్సో మందు మింగుతూ ఉండడం న్యాయం కాదు. పొగలో వెలువడే గంధకాన్ని (సల్ఫర్‌ను) 30 శాతం తగ్గించాలన్న 1985 నాటి హెల్సింకి ఒప్పందంపై బ్రిటన్ సంతకమైనా చేయలేదు. అప్పటికే దెబ్బతిన్న సరస్సులకు మాత్రం, నేల కోలుకునేదాకా, ఆ తెల్లని పొడి తప్పదు.