అమ్మాయిల బాస్కెట్‌బాల్: అండర్-17 చూడాలా, అండర్-19 చూడాలా?

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) అమ్మాయిలకు రెండు జూనియర్ ప్రపంచకప్‌లు నడుపుతుంది. అండర్-19 పాతది, 1985లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో మొదలైంది. ఇప్పుడు బేసి సంవత్సరాల్లో జరుగుతోంది. అండర్-17 మొదలైంది 2010లో, ఫ్రాన్స్‌లో. అది సరి సంవత్సరాల్లో. రెండింట్లోనూ ఇప్పుడు 16 జట్లు, పది నిమిషాల క్వార్టర్లు నాలుగు.

తేడా ఆటలో కనిపిస్తుంది. పదహారేళ్ల పిల్ల బంతి పట్టుకుని సగం కోర్టు దాటేలోపు ఇద్దరు మీద పడితే కంగారులో పాస్ ఎటో పోతుంది. మరుక్షణం అదే పిల్ల వెనక్కి పరిగెత్తి బంతి లాక్కుంటుంది. ఆ ఊపు కోసమే నాకు అండర్-17 అంటే ప్రాణం. పైగా రేపటి స్టార్‌ను ముందే చూసేయొచ్చు: అమెరికా అమ్మాయి పేజ్ బ్యూకర్స్ 2018లో మిన్స్క్‌లో జరిగిన అండర్-17లో ఆడింది, మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో అండర్-19లో ఎంవీపీ (టోర్నీలో అత్యుత్తమ క్రీడాకారిణి) అయింది.

అండర్-19లో కంగారు తక్కువ, లెక్క ఎక్కువ. స్క్రీన్ పెట్టడం (తోటి ఆటగత్తెను కాపలా కాస్తున్న ప్రత్యర్థికి అడ్డంగా నిలబడటం), ఆఖరి నిమిషంలో గడియారం చూసుకుంటూ ఆడటం ఇక్కడ బాగా తెలుస్తాయి. ఆ బ్యాంకాక్ ఫైనల్లో ఆస్ట్రేలియా అమెరికాను ఓవర్‌టైమ్ దాకా లాగి 74-70తో ఓడింది. టెన్షన్ అంటే అదీ!

రెండింట్లోనూ అమెరికాదే పెత్తనం. అయినా 2016 అండర్-17 కప్పు ఆస్ట్రేలియా, 2017 అండర్-19 కప్పు రష్యా ఎగరేసుకుపోయాయి.

ఆట నేర్చుకుంటున్న అమ్మాయి ఇంట్లో ఉంటే, ముందు అండర్-17 చూపించండి. తన వయసు వాళ్లే కదా ఆడేది.