పడవలో అలంపూర్, సంగమేశ్వరం యాత్ర: కర్నూలు వారు డబ్బు కట్టే ముందు చదవండి

కర్నూలు నుంచి తుంగభద్ర మీదుగా పడవలో అలంపూర్ చేర్చి, పగలంతా తీరికగా గుడులు చూపించి, సాయంత్రం సంగమేశ్వర దర్శనం కూడా చేయిస్తామని చెప్పి ఒక నిర్వాహకుడు తలకు 1,800 రూపాయల చొప్పున వసూలు చేస్తున్నాడు. కార్తీక మాసంలో ఒక ఆదివారం, అనంతపురం నుంచి వచ్చిన మా వదినగారి కుటుంబంతో కలిపి తొమ్మిదిమందిమి ఆ యాత్రకు వెళ్లి మోసపోయాము.

ఉదయం ఏడు గంటలకు ఏటి ఒడ్డున మిగిలిన సొమ్మంతా కట్టించుకున్న తర్వాత, ఇక్కడ బండలు ఎక్కువ కాబట్టి పడవ నడవదని, జీపులో అలంపూర్ వెళ్లి అక్కడ పడవ ఎక్కవచ్చని చెప్పారు. ఆ బండలు రాత్రికి రాత్రి మొలిచినవి కావు గదా! అలంపూర్ గుడులకు రాళ్లు తోలిన బండ్లు ఇక్కడ ఏరు దాటేటప్పుడు ఇరుసులకు కందెన వేసుకునేవని, అందుకే మన ఊరు కందెనవోలు, పోనుపోను కర్నూలు అయిందని చిన్నప్పటి నుంచి వింటున్నవాడినే. ఆ రాళ్లు సైతం బండ్ల మీదే వెళ్లాయన్న సంగతి డబ్బు కట్టే ముందు నాకు తట్టలేదు. రోడ్డున అలంపూర్ సుమారు 25 కిలోమీటర్లు, బస్సు చార్జీతో తీరిపోయే ప్రయాణం.

అలంపూర్‌లో చూపించిన పడవ చేపలు పట్టేవారిది. పదకొండు మందికి ఆరు లైఫ్ జాకెట్లు ఉండగా, వాటిలో రెండింటికి బకిల్ లేదు. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదాన్ని మా అమ్మ గుర్తుచేసి ఎక్కనని కూర్చుంటే, "ఏం కాదులేమ్మా, నీళ్లు లోతు లేవు" అన్నారు. అనుమతి పత్రం అడిగితే రెండు రాష్ట్రాల్లోనూ తమవాళ్లు ఉన్నారన్నది జవాబు. ఎక్కినవారిని ఇరవై నిమిషాలు తిప్పి దించేశారు.

బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలకు, జోగులాంబ అమ్మవారి దర్శనానికి కలిపి గంట మాత్రమే ఇచ్చారు. పేరుకు బ్రహ్మ ఆలయాలైనా అన్నీ శివాలయాలే. ఒక్క స్వర్గబ్రహ్మ ఆలయం గోడల శిల్పాలు చూడడానికే ఆ గంట చాలదు.

అసలు మోసం సాయంత్రం బయటపడింది. ఊళ్లోనే ఉన్న కూడలి సంగమేశ్వర ఆలయానికి తీసుకెళ్లి, ఇదే సంగమేశ్వర దర్శనమని చెప్పారు. అది గొప్ప ఆలయమే. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న ఆ గుడిని శ్రీశైలం జలాశయం ముంపు కారణంగా రాయి రాయి విప్పి ఇక్కడ తిరిగి నిలబెట్టారు. కానీ మేము డబ్బు కట్టింది వేపమొద్దు లింగం ఉన్న సప్తనదీ సంగమేశ్వరం కోసం, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన క్షేత్రం కోసం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వర్షాకాలంలో జలాశయం నిండితే ఆ గుడి మునిగిపోతుంది, నీరు బాగా దిగిన తర్వాత వేసవి వైపు కొన్ని నెలలే బయటకు కనిపిస్తుంది. కాబట్టి నిండు నీటిపై పడవ ప్రయాణాన్నీ, ఆ గర్భగుడిలో దర్శనాన్నీ కార్తీకంలో ఒకే రోజు ఇస్తామనేవాడు అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా రెండు సంగమేశ్వరాల పేరు ఒకటే కావడాన్ని వాడుకుంటూ ఉండాలి. ఇతడు రెండో రకం. రసీదులో "సంగమేశ్వర దర్శనం" అని మాత్రమే రాసి ఉంది, దానినే చూపించి డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు.

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను, ఇంకా పరిష్కారం కాలేదు. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు మిగతా సొమ్ము ఇవ్వక ముందే పడవను, జాకెట్లను ఎదుట నిలబడి లెక్కచూసుకోండి. పడవ ఎక్కడ నుంచి ఎక్కడి వరకు నడుస్తుందో, చూపించేది సప్తనదీ సంగమేశ్వరమో కూడలి సంగమేశ్వరమో రసీదుపై వ్రాసి సంతకం చేయమనండి. మా తర్వాత వెళ్లవలసిన పొరుగింటివారు అలా అడిగితే, ఆ ఆదివారం సీట్లు నిండిపోయాయని చెప్పి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు.