యుద్ధం ఆట బొమ్మలు కొనేవాళ్లకు: డబ్బు వేయకముందు ఇది చదవండి

ఒక్కరే కూర్చుని ఆడుకునే యుద్ధం ఆట కోసం ఆన్‌లైన్‌లో మినియేచర్ బొమ్మలు తెప్పించుకునే అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు చెప్తున్నా. "మెటల్ బొమ్మలు, 28 మిల్లీమీటర్ల సైజు, హైదర్ అలీ కాలం సైన్యం" అని ఫొటోలు పెట్టి, మెసేజ్‌లోనే బేరం మాట్లాడి, నేరుగా యూపీఐకి వేసేయమంటే ఆగండి. నేను ఆగలేదు. 24 సిపాయిలకు, ఒక జత ఎద్దులకు కలిపి 5,400 రూపాయలు వేశాను. వచ్చినవి మెటల్ కావు, హైదర్ కాలానివీ కావు. పైగా ముట్టుకున్న చేతికి దద్దుర్లు.

బొమ్మ తప్పయితే ఆట ఎందుకు చెడుతుందో ముందు చెప్పాలి. నాది 1780 నాటి ఆట. ఆ ఏడాది జూలైలో మైసూరును ఏలిన హైదర్ అలీ చెంగం కనుమ దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో ఆయన, కొడుకు టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీ దండును నాశనం చేసి కల్నల్ బెయిలీని పట్టుకున్నారు. 1782 డిసెంబరు 7న హైదర్ చనిపోయింది కూడా మన చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేట విడిదిలో. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఈ కథ మీద ఉన్న మమకారం అంతా ఇంతా కాదు.

నేను పెద్ద యుద్ధాలు ఆడను. మొగిలి కనుమ లాంటి దారిలో కంపెనీ ధాన్యం బండి పోతూ ఉంటుంది, మైసూరు వాళ్లు అడ్డం పడతారు. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది. ఎదుట ఆడే మనిషి లేడు కాబట్టి పేకముక్క తీస్తా. ఎరుపు వస్తే కంపెనీ వంతు, నలుపు వస్తే మైసూరు వంతు. మైసూరు సిపాయి ఏం చేయాలో పాచిక చెప్తుంది. ఒకటీ రెండూ పడితే బండ చాటునే ఉంటాడు, మూడూ నాలుగూ పడితే కాలుస్తాడు, ఐదూ ఆరూ పడితే కత్తి దూసి మీదికొస్తాడు. కాల్చిన బొమ్మ ముందు చిన్న దూది ఉండ పెడతా, అదే పొగ. ఆనాటి తుపాకీలో మందూ గుండూ మూతి నుంచి కూరాలి కదా, అందుకని తర్వాతి వంతు కూరుకోవడానికే పోతుంది. దూది తీశాకే మళ్లీ కాల్చాలి. ఆ దూది ఉండ ఉన్నంతసేపూ నా గుండె దడదడలాడుతుంది.

ఇక పార్శిల్ సంగతి. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. మెటల్ బొమ్మలైతే అంత డబ్బాకి చెయ్యి కిందికి లాగాలి. విప్పితే ఘాటు వాసన. అన్నీ బూడిద రంగు రెజిన్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవం లాంటి ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటర్‌లో తీసినవి. వేలు ఆనిస్తే పాకం అంటినట్టు జిగట. కవర్లోంచి లాగుతుండగానే ఒక సిపాయి తుపాకీ పుటుక్కున విరిగింది. పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. 28 సైజు అంటే పాదం నుంచి కళ్ల దాకా కొలత, కాబట్టి అలాంటి బొమ్మను దాని పక్కన నిలబెడితే కళ్లు దాదాపు బిళ్ల పైఅంచుకు రావాలి. ఇందులో సగం బొమ్మలకు భుజాలే అంతెత్తున్నాయి, మిగతావి బిళ్ల చాటున దాక్కునేంత పొట్టివి.

అన్నిటికంటే మనసుకు కష్టం కలిగించింది కంపెనీ సిపాయిలు. 1780లో మద్రాసు సిపాయి అంటే ఎర్ర కోటు, తొడల దాకా ఉండే పొట్టి లాగు, తలకు పాగా లాంటి టోపీ. నాకు వచ్చిన బొమ్మల నెత్తిన బెండు టోపీలు! చేతిలో తుపాకీని భూతద్దంలో చూస్తే ట్రిగ్గర్ కింద లివర్ కనిపించింది. అది మార్టినీ హెన్రీ అనే తుపాకీ. బ్రిటిష్ సైన్యంలోకి 1871లో వచ్చింది. 1879 జూలూ యుద్ధం బొమ్మలను హైదర్ యుద్ధం పేరుతో అమ్మారు. ఆ తుపాకీకి గుండు వెనక నుంచి పెడతారు, కూరే పనే లేదు. అలాంటి బొమ్మ ముందు నేను దూది ఎలా పెట్టను? ఒంటరిగా ఆడేవాడికి బొమ్మే అన్నీ చెప్పాలి. అది అబద్ధం చెప్తే ఇక ఆట లేదు.

రెజిన్ అంటేనే చెడ్డదని అనను. ప్రింట్ తీశాక ఆల్కహాల్‌లో బాగా కడిగి, యూవీ లైటు కింద పూర్తిగా గట్టిపరిస్తే చక్కగా ఉంటుంది. నాకు పంపినవాటికి ఆ పని సరిగా చేయలేదు. ఒక ఎద్దు పొట్ట బోలుగా ఉండి, లోపల మిగిలిపోయిన పచ్చి రెజిన్ మూడో రోజు కాలి దగ్గర చీలికలోంచి కారింది. అది ఒంటికి తగిలితే అలర్జీ వస్తుంది. నా రెండు వేళ్లు ఎర్రబడి దద్దుర్లు లేచాయి, డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లలుంటే దయచేసి ఇలాంటివి వాళ్ల చేతికి ఇవ్వకండి. మీరు ముట్టుకున్నా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, పూర్తిగా గట్టిపడకముందు సాండ్‌పేపర్ పెట్టకండి, కడిగిన నీళ్లు సింకులో పోయకండి. మా అమ్మ కొలువులో పెట్టే ఎర్రచందనం మరపాచి బొమ్మలు ఆమె పెళ్లప్పటివి, ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి. ఆమె ఈ సిపాయిని ఒక్కసారి పట్టుకుని, "ఏందిరా ఇది, బొమ్మ చేతికి అంటుకుంటుందా?" అని కింద పెట్టేసింది.

అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు: "మెటల్ అనలేదు, మెటల్ ఫినిష్ అన్నాం." మర్నాటికి ఆ ఫొటోలు తీసేశారు. నా దగ్గర చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు ఉన్నాయి గానీ, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు. వాళ్లు ఇప్పుడు దాన్నే పట్టుకుని వాదిస్తున్నారు. మీరు మాత్రం సీలు తీయకముందే వీడియో మొదలుపెట్టండి.

కొనేముందు ఒక ఫొటో అడగండి. అసలు బొమ్మను, రంగు వేయనిదాన్ని, పది రూపాయల బిళ్ల పక్కన నిలబెట్టి, ఆ రోజు తేదీ రాసిన చీటీతో. తుపాకీ, టోపీ దగ్గరగా కనిపించాలి. మెటల్ అంటే ఒక్క బొమ్మను వంటింటి కాటా మీద పెట్టి బరువు చూపించమనండి. నిజంగా సరుకున్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. కుదరదంటే వదిలేయండి. ముందు డబ్బే కావాలంటే రెండు మూడు బొమ్మలు తెప్పించి చూడండి.

నాలా ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అమ్మినవాళ్లు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు రాయించాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే రాస్తాను. ఇలాంటి జిగట బొమ్మలే అందుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పారేయకుండా గట్టి డబ్బాలో మూత పెట్టి ఉంచండి. రేపు చూపించడానికి అవే సాక్ష్యం.